అయ్యగారి కాగితాలకి ఎండ

వానలు తగ్గగానే జీవరత్నం పాస్టరుగారి ప్రసంగాల కాగితాలు డాబా మీదికి ఎక్కడం ఏటా జరిగే పనే. ఆయన కూతురు సలోమి వాటిని చాపల మీద పరిచి, గాలికి లేవకుండా గులకరాళ్ళు పెడుతుంది. ఎండ తగిలిన కాగితం అయ్యగారి గొంతుతో చదవడం మొదలుపెడుతుంది. మబ్బు కమ్మితే గొంతు తగ్గుతుంది. పక్క డాబా మీద వడియాలు పెట్టుకునే నాగదుర్గ మహా అయితే, "క్రిస్మస్ ప్రసంగం అప్పుడే ఎండబెట్టేశారేంటండీ?" అని అడుగుతుంది.

ఈ ఏడు తేడా ఒక్కటే, అయ్యగారు లేరు. జులైలో పోయారు. సలోమి ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడుపు రాలేదు. అప్పట్నుంచీ ఎవరేం చెప్పినా "సరే" అంటోంది. కొత్త పాస్టరుగారు వస్తున్నారు, చర్చి ఇల్లు ఖాళీ చెయ్యమని సంఘపెద్దలంటే సరే అంది. రాజమండ్రిలో ఉన్న తమ్ముడు ప్రభుకిరణ్, "మా అత్తగారు మంచం మీదున్నారక్కా, నువ్వొచ్చేస్తే ఆవిణ్ణి చూసుకుంటావు. ఆ కాగితాలు పాతసామాన్లవాడికి ఇచ్చెయ్, వ్యాను పంపిస్తా" అంటే దానికీ సరే అంది. నరసాపురం ఆడపిల్లల హాస్టల్లో వార్డెను పనుంది, గది కూడా ఇస్తారు, రమ్మని అక్కడి హెడ్మిస్ట్రెస్ అడిగితే మాత్రం ఏమీ చెప్పలేదు. తమ్ముడికి ముందే మాటిచ్చేసింది మరి.

అయ్యగారు మహా పొదుపరి. ఊళ్ళోవాళ్ళ శుభలేఖల వెనక ఖాళీలోనే ఆదివారం ప్రసంగాలు రాసుకునేవారు. కరెంటు బిల్లుల్ని కూడా వదిలేవారు కాదు.

ట్రంకుపెట్టె అడుగున ఓ కట్ట మిగిలింది. అవి సలోమి శుభలేఖలే. తునిలో మాస్టారుగా చేసే ఆనందరావుతో పెళ్ళి కుదిరి, కార్డులు అచ్చయి వచ్చాక తల్లికి పక్షవాతం వచ్చింది. అన్నం దగ్గర అయ్యగారు, "మీ అమ్మని ఎవరు చూస్తారమ్మా?" అన్నారు. "సరే నాన్నా" అంది సలోమి. పెళ్ళి ఆగిపోయింది. తల్లి మంచం మీదే చాలా ఏళ్ళు బతికింది, ఆవిడ పోయేసరికి తండ్రి ముసలివారయ్యారు. బిల్లుల్ని వదలని మనిషి ఈ కార్డుల వెనక ఒక్క ముక్క రాయలేదు.

రేపు పాతసామాన్లలోకి పోయేవాటికి ఎండెందుకని సలోమికి తోచలేదు. చెమ్మగా ఉన్నాయి కాబట్టి తెల్లవైపు పైకి పెట్టి పరిచింది.

కాసేపటికి వాటిలోంచి అయ్యగారు గొంతు సవరించుకున్నారు. ప్రసంగానికి ముందు ఎప్పుడూ అలాగే చేసేవారు. కానీ మాట రాలేదు. మళ్ళీ సవరించుకున్నారు. మిగతా చాపల మీది ప్రసంగాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏంటండీ, అయ్యగారు మొదలెట్టరేంటి?" అంది నాగదుర్గ.

"మాట రావట్లేదండి ఆయనకి."

"పోనీ నీడకి లాగెయ్యండి. పెద్దాయన్ని ఎంతసేపని నిలబెడతారు?"

సలోమి లాగలేదు. బతుకులో మొదటిసారి తండ్రిని కాసేపు నిలబెట్టాలనిపించింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని అక్కడే కూర్చుంది. నాగదుర్గ వడియాలు ఎత్తుకుని దిగిపోయింది.

ఎండ పల్చబడుతుండగా, గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నీకేం కావాలమ్మా?"

ఆ ఇంట్లో ఎవరూ ఆమెని ఎప్పుడూ అడగని మాట అది. ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఆకలేసింది. నాన్న పోయాక ఆకలని తెలియడం అదే మొదలు.

అప్పుడే ఫోను మోగింది. "అక్కా, వ్యాను పొద్దున్నే వచ్చేస్తుంది" అన్నాడు ప్రభుకిరణ్.

"నరసాపురం వెళ్ళాలని చెప్పరా డ్రైవరుకి."

"నరసాపురమా? అక్కడేముంది?"

"హాస్టల్లో పని. నాకో గది. కాగితాలు నాతోనే వస్తాయి. మీ అత్తగారికి మనిషిని పెట్టుకోండి."

తమ్ముడు ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె ఫోను పక్కన పెట్టి, కార్డులన్నీ ఏరి ఒళ్ళో పెట్టుకుంది. అవి ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"అన్నం కావాలి నాన్నా" అంది. "వండుకుంటాను."