ఉతికిన జారిక్

ఆ జారిక్‌ను ఉతకకూడదని మెనూర్‌కు ఎవరూ చెప్పలేదు.

చెప్పవలసిన సంగతని వాళ్ళమ్మ కస్మికి తోచనే లేదు. నిప్పు ముట్టుకోవద్దని పిల్లలకు చెబుతారు, నూతిలోకి తొంగిచూడవద్దని చెబుతారు. కాన్పు మీద కాన్పు చూసిన బట్టను నీళ్ళలో వేయవద్దని ఎవరు చెబుతారు? పెకలోంగాన్ ఊరి ఆడవాళ్ళకు అది ఊపిరితో పాటు తెలిసివచ్చే విషయమని ఆవిడ నమ్మకం. మెనూర్‌కు ఇరవై రెండేళ్ళు. ఊపిరితో పాటు ఆమెకు చాలానే తెలిసివచ్చాయి గాని, ఇదొక్కటి రాలేదు.

ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆ వీధిలోకి సముద్రం రావడం కొత్త కాదు. పోటు రోజుల్లో వచ్చి, గడప తడిపి, మర్యాదగా వెళ్ళిపోయేది. ఈ మధ్య ఆ మర్యాద మానేసింది. వచ్చిన నీరు వంటింట్లోనే కాపురం పెడుతోంది. మంచం కోళ్ళకు నాచు పడుతోంది. ఊరికి దక్షిణాన, మెరక మీద, రెండు గదుల ఇల్లు అద్దెకు దొరికింది. ఆ రెండు గదుల్లో పట్టేవి వెంట వస్తాయి. తక్కినవి పెద్దమ్మ ఇంటికో, అడిగినవాళ్ళకో. తండ్రి చేపల పడవ మీద నెలల తరబడి దూరాన ఉంటాడు. అక్క లింతాంగ్ సెమరాంగ్‌లో ఉంది; వచ్చే నెలే పురుడు. కస్మి తెల్లవారగానే బాతిక్ కార్ఖానాకు, బట్ట మీద మైనంతో తీగలు గీసే పనికి పోతుంది. అందుచేత ఏనాడో చనిపోయిన అమ్మమ్మ టేకుపెట్టె విప్పడం, లోపలివి ఏరడం, విడదీయడం మెనూర్ వంతుకు వచ్చాయి.

మెనూర్ నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. మాట గొంతు దాకా వచ్చి, వాకిట్లో చెప్పుల వరస చూసి వెనుదిరిగే చుట్టంలా తిరిగిపోయేది. కాని ఫోనులో ఆమెకు స్నేహితులున్నారు. ‘ఇవాళ్టి మూల’ అని వాళ్ళదొక గుంపు. రోజుకొక ఫోటో, అలంకారం లేనిది, ఉన్నది ఉన్నట్టు: సగం తిన్న పళ్ళెం, బండి సీటు మీద నిద్రపోయే పిల్లి, వానలో మరిచిపోయిన గొడుగు. ఇలోయిలో ఊరినుంచి మరిసెల్ తను ఎండబెట్టే చేపల చాపలు పెట్టేది. మకస్సార్ నుంచి బసో తన వంకర బొటనవేలితో సహా ప్రతిదీ పెట్టేవాడు. అక్కడ మెనూర్‌కు చెప్పుల వరస కనపడేది కాదు.

పెట్టె విప్పిన నాటినుంచి ఆమె మూల అమ్మమ్మ మూల అయిపోయింది. ఒకనాడు ఇత్తడి అడకత్తెర పెట్టింది. మరొకనాడు, రాగి ముక్కు అరిగిపోయిన మైనపు కలం. తమలపాకుల పెట్టె పెట్టిన రోజున బసో, “మీ అమ్మమ్మ పళ్ళు ఏ రంగు?” అని అడిగాడు. “సాయంత్రం రంగు,” అని రాసింది మెనూర్. ఎదుటి మనిషికైతే ఆ జవాబు ఆమె ఏనాటికీ చెప్పి ఉండేది కాదు.

జారిక్ పెట్టె అడుగున, చాపముక్కలో చుట్టి ఉంది. విప్పగానే ఒక వాసన లేచింది. మెనూర్ ముఖం పక్కకు తిప్పుకుంది. నడుముకు చుట్టుకునే పొడవాటి బట్ట. దాని మీద గోధుమరంగు మరకలు, కొన్ని అరచేయంత, కొన్ని ఆకంత. నిరుడు పెట్టె కిందికి నీళ్ళు వచ్చాయి కదా, ఉప్పునీరు తిన్నదనుకుంది. జాలి వేసింది. బాతిక్ ఊళ్ళో పుట్టిన పిల్ల. బట్టను ఎలా బతికించాలో ఆమెకు తెలుసు. కుంకుడుకాయలు నానబెట్టింది. నురగలో జారిక్‌ను ముంచి, పిండకుండా, పసిబిడ్డకు పోసినట్టు అరచేతులతో అద్ది అద్ది ఉతికింది. నీళ్ళు టీ రంగుకు తిరిగితే పారబోసింది, మళ్ళీ పోసింది. తేటనీళ్ళు వచ్చేదాకా పోసింది. నీడలో, వెదురుబొంగు మీద ఆరేసింది. ఆరేకొద్దీ తీగలు తేలాయి, తీగల నడుమ చిన్న చిన్న పిట్టలు తేలాయి. మెనూర్‌కు సంతోషంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఫోటో తీసి పెట్టింది.

గుంపులో ఎర్ర గుండెలు వరదలా వచ్చిపడ్డాయి.

మధ్యాహ్నం నమాజు వేళ దాటాక కస్మి ఇల్లు చేరింది. వెంట ఆవిడ అక్క వార్సితి కూడా వచ్చింది, కుండలు మోయడానికి సాయంగా. ఆవిణ్ణి మెనూర్ ‘బుదె’ అంటుంది, పెద్దమ్మ అన్నమాట. బుదె అడుగు లోపల పెట్టకముందే గొంతు పెట్టింది.

“ఇదేమిటే నోక్, చిట్టితల్లీ, బొంగు మీద పెళ్ళికూతుర్ని ఆరేశావు?”

“అమ్మమ్మది, బుదె. పెట్టె అడుగున పడి ఉంది. మరకలన్నీ పోయాయి చూడు!”

బుదె నవ్వు అక్కడే ఆగింది. కస్మి చేతిసంచి కింద పెట్టింది. జారిక్ దగ్గరికి నడిచింది. ఒక అంచు ముక్కుకు ఆనించుకుంది. రెండో అంచు ఆనించుకుంది. తరవాత నడిమి భాగం, తరవాత మడతలు. చీకట్లో రాలిన చెవిపోగు కోసం నేలంతా తడిమినట్టు ఆ బట్టంతా వాసన చూసింది.

“కుంకుడుకాయతో ఉతికావా?”

“అవునమ్మా. సబ్బు తగలనివ్వలేదు. ఎండ కూడా తగలనివ్వలేదు.”

“శుభ్రంగా వచ్చింది,” అంది కస్మి. ఆపైన వంటింట్లోకి వెళ్ళి, మడమలు మునిగే నీళ్ళలో నిలబడి, పొయ్యి వెలిగించుకుంది.

మెనూర్‌కు ఏమీ అర్థం కాలేదు. బుదె ఆమె చెయ్యి పట్టి పెరట్లోకి లాగింది.

“ఓసి వెర్రిదానా! అది పురిటి జారిక్ కదటే! దాని మీదే మా అమ్మ నన్ను కన్నది, మీ అమ్మను కన్నది. దాని మీదే మీ అమ్మ మీ అక్కను కన్నది, నిన్నూ కన్నది. చిన్నప్పుడు నీకు జ్వరాలొచ్చినప్పుడల్లా మీ అమ్మ దాన్లోనే చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకునేది. ఆఖర్న మంచం పట్టినప్పుడు మా అమ్మ కప్పుకున్నది కూడా అదే. దాన్ని ఉతుకుతారా ఎవరన్నా? బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే ఆ వాసనే కదే మందు! మీ అక్క ఫోన్ చేసినప్పుడల్లా అదొక్కటే అడుగుతోంది, జారిక్ తెస్తావా అమ్మా, జారిక్ తెస్తావా అని.”

“నాకు తెలియదు, బుదె... మరకలు చూసి...”

“ఎట్లా తెలుస్తుంది? ప్రతిదీ ఆ ఫోనుతోనే చూస్తివి. దానికి కళ్ళున్నాయి గాని ముక్కేదీ?”

మెనూర్ లోపలికి వచ్చేసరికి కస్మి జారిక్‌ను మడతపెట్టి, పొరుగువాళ్ళకు పంచే బట్టల కుప్ప మీద పెడుతోంది.

“అమ్మా, అది అక్కకు కదా...”

“అక్కకు గుడ్డలకేం తక్కువ? ఇదిప్పుడు అన్ని గుడ్డల్లాంటిదే. ఎవరైనా కట్టుకుంటారు, పోనీ.”

కోపంగా అని ఉంటే మెనూర్ ఏడ్చి ఉండేది. కస్మి మెల్లగా అంది. అలసిన మనిషి దీపం తగ్గించినట్టు అంది. ఏడవడానికి కూడా చోటు మిగల్లేదు.

మెనూర్ వెళ్ళి పెట్టె మీద కూర్చుని గుంపులోంచి ఆ ఫోటో తీసేసింది. ఎందుకు తీసేసిందో చెబుతూ ఉన్నదంతా రాసింది: బట్ట ఎవరిది, మరకలు ఎవరివి, కడిగింది ఎవరు. బసో చాలాసేపటికి జవాబిచ్చాడు. “మేమందరం ఆ ఉతుకు చూసి ఎర్ర గుండెలు పెట్టినవాళ్ళమే. నీ తప్పులో మాకూ వాటా ఉంది చెల్లెలా, పంచుకుంటాం.” మరిసెల్ మాత్రం ఓదార్చలేదు. ఒక్క మాట అడిగింది: “ఆ వాసన ఎలా ఉండేది?”

మెనూర్ జవాబు మొదలుపెట్టి చెరిపేసింది. చెప్పడానికేముంది? తను ముఖం తిప్పుకున్నది. రెండు చేతులా ఎత్తిపట్టుకుని కూడా వాసన చూడలేదు. అమ్మమ్మ ఎదురుగా నిలబడితే, ఎవరో ముసలావిడ అనుకుని పక్కనుంచి దాటిపోయినట్టు దాటిపోయింది. మరిసెల్ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి వంటింట్లో ఉంది. ఆ మనిషిని అడిగే మొహం మెనూర్‌కు లేదు.

మర్నాడు కార్ఖానాకు సెలవు. కస్మి, బుదె కలిసి గిన్నెలు కట్టలు కడుతున్నారు. మెనూర్ ఒక మూల కూర్చుని మూకుడులో ఏవో పోగు చేస్తోంది: మైనం ముక్క, ఎండిన తమలపాకు, చిటికెడు పొగాకు, నాలుగు లవంగాలు. జారిక్ మడతల్లో మూకుడు పొగ పెట్టాలని ఆమె ఆలోచన. బుదె మెడ చాచి చూసింది.

“ఏమిటే అది, వాసనకు తాలింపు పెడుతున్నావా?”

మెనూర్ తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

“అమ్మమ్మ వాసన... చేద్దామని.”

కస్మి గిన్నె కింద పెట్టి వచ్చింది. మూకుడులోకి చూసింది. ఒక్కొక్కటీ వేలితో కదిపింది. ఉన్నట్టుండి ఆవిడకు నవ్వొచ్చింది, ఆపుకుందామనుకుంది, ఆగలేదు.

“లవంగం ఎందుకు? మా అమ్మకు లవంగం అంటేనే గిట్టదు. మీ తాత సిగరెట్లలో లవంగం వాసన వస్తుందని ఆయన్ని వసారాలో పడుకోబెట్టింది కదా అక్కా?”

“వానాకాలం కూడా!” అంది బుదె. “పాపం, గొడుగేసుకుని పడుకునేవాడు.”

“మరి ఏ వాసన, అమ్మా?” మెనూర్ మూకుడు పక్కకు జరిపింది. “నాకు చెప్పు.”

కస్మి నేల మీదే చతికిలబడింది. పక్కన, తిందామని కలుపుకున్న పనసపొట్టు అన్నం పళ్ళెంలో చల్లారిపోతోంది, ఎవరూ పట్టించుకోలేదు. “మైనం పొగ,” అంది. “జుట్టులో కూడా మైనం పొగే. ఆ కింద చెమట. వానకు తడిసి ఆరిన కోడి ఉంటుంది చూడు, అలాగ. నువ్వు నవ్వకు, నిజం. నీ జ్వరాలప్పుడు ఒంటికి పూసిన తెలోన్ నూనె. మీ అక్క కక్కుకున్న పాలు. చివర్న మందుల వాసన కలిసింది. అది నాకు బాగుండేది కాదు. అయినా అదీ అమ్మదే కదా అని మడిచి దాచాను.” మూకుడులోంచి లవంగాలు ఏరి పక్కన పెట్టింది. “రోజూ పెట్టె తెరిచేదాన్ని కాదు. తెరిస్తే అయిపోతుందేమోనని భయం. ఎవరైనా ఉతుకుతారని మాత్రం నాకు తట్టలేదు, నోక్. చెప్పనిది నేనే.”

ఆ తల్లి ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం మెనూర్ ఎరగదు.

“ఇవన్నీ తెచ్చి కలిపితే...”

“కలిపితే రాదు. కట్టుకుంటే వస్తుంది.”

అని కస్మి లేచి, పంచే కుప్ప మీదినుంచి జారిక్ తీసింది. మెనూర్ కళ్ళముందే దాన్ని భుజం మీదుగా వేసి ముడివేసింది. రాతి రుబ్బుగిన్నెను బిడ్డలా అందులో వేసుకుని వీపున ఎత్తుకుంది. “మీ అక్క కనేలోగా నెల ఉంది. మోసే సామాను బోలెడుంది. ఇవాళ నేను కట్టుకుంటాను. రేపు నువ్వు. ఎల్లుండి మీ బుదె.”

“నా చెమట కూడానా?” బుదె గుండెల మీద చెయ్యేసుకుంది. “పుట్టబోయేదానికి నా నోరొస్తే నన్ననకండి.”

ఆ నెలంతా జారిక్ ఒకరి ఒంటినుంచి మరొకరి ఒంటికి నడిచింది. కస్మి అది కట్టుకునే కార్ఖానాకు పోయింది; మైనపు బొట్లు రాలితే దులపలేదు. బుదె దాన్ని కట్టుకుని చేపలు తోమింది, వాదులాడింది, కునుకు తీసింది. మెనూర్ వంతు వచ్చిన రోజున వీధి మధ్యనుంచి, మోకాలి లోతు ఉప్పునీటిలో, వీపున కుండలు మోస్తూ నడవవలసి వచ్చింది. పిల్లలు వెంటపడ్డారు. “మెనూరక్కకు బిడ్డ పుట్టింది, బిడ్డ పేరు బానపొట్ట!” ఒకప్పుడైతే ఆమె ఇంట్లో దూరి తలుపు వేసుకునేది. ఇప్పుడు అంచు నీళ్ళలో తడుస్తుంటే, సిగ్గుతో ఒళ్ళంతా చెమటలు పోస్తుంటే, పోయనీ అనుకుంది. ఇది కూడా పట్టనీ అనుకుంది.

మరిసెల్‌కు జవాబు రాసింది. ఫోటో లేకుండా గుంపులో ఆమె పెట్టిన మొదటి మూల అదే. మైనం పొగ, తడిసి ఆరిన కోడి, పాలు, జ్వరం, మందు: అన్నీ అమ్మ చెప్పిన వరసలోనే రాసింది. చదివి మరిసెల్, “ఇప్పుడు నాకు తెలుసు ఆవిడ,” అంది. తరవాత ఒక్కొక్కరే తమవి రాయసాగారు: ఒకరి నాన్న టోపీ, ఒకరి చిన్నమ్మ దిండు. ఆ రోజు గుంపులో ఒక్క బొమ్మ లేదు. అంత నిండుగా ఆ గుంపు ఏనాడూ లేదు.

లింతాంగ్‌కు ఆడపిల్ల పుట్టింది. కస్మి, మెనూర్ రైలెక్కి సెమరాంగ్ వెళ్ళారు. ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చిన రెండో రోజున పిల్ల ఏడుపు ఎత్తుకుంది. పాలకు ఆగలేదు, జోలకు ఆగలేదు. లింతాంగ్ చెయ్యి చాచింది. “జారిక్ ఇవ్వవే, మెనూర్.”

మెనూర్ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది. దారి పొడుగునా కూడదీసుకున్న మాట ఇప్పుడు గొంతు దాటాలి. “అక్కా, దాన్ని నేను ఉతికేశాను. తెలియక. అమ్మమ్మ వాసన పోయింది.”

లింతాంగ్ ఆమెను చూసింది. జారిక్‌లో ముఖం పెట్టింది. గుండెనిండా ఊపిరి పీల్చింది. పిల్ల ఏడుస్తూనే ఉంది.

“చేపలు బుదెవి,” అంది బట్టలోంచే. “మైనం అమ్మది. ఈ పుల్లటిది నీదే. చిన్నప్పుడు నా దుప్పటి లాక్కుని పడుకునేదానివి, నాకు తెలియదా?” తల ఎత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి. “అమ్మమ్మది లేదు.”

“లేదు,” అంది మెనూర్.

లింతాంగ్ పక్క మీద జారిక్ పరిచింది. ఏడుస్తున్న పిల్లను దాని మీద పడుకోబెట్టి, ఒక అంచు ఇటు, ఒక అంచు అటు మడిచింది. గుమ్మంలో కస్మి నిలబడి ఉంది, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు.

“అయితే ఏం,” అంది లింతాంగ్. “దీనికి అమ్మమ్మ మన అమ్మే కదా.”

కస్మి లోపలికి వచ్చింది. చేతులు చాచింది. లింతాంగ్ జారిక్‌తో సహా పిల్లను ఆ చేతుల్లో పెట్టింది.