గుచ్చిన బిఫిన్లు

"పిండిమర ముసలాయనతో పెళ్లికి సరేనను, తలుపు తీస్తాను," అన్నాడు ఈనాక్. సవతి చెల్లెలు థిర్జా అననంది. అతడు తాళం వేసి వెళ్లిపోయాడు.

ఆపిల్ పళ్లు దాచే ఆ కొట్టుగది సగం నేలలోకి దిగి ఉంది. మందపాటి గోడలు. సందుల నిండా గడ్డి కుక్కారు. ఎంత అరిచినా తోట దాటి వినపడదు. చుట్టూ అరల మీద బిఫిన్ రకం ఆపిల్ పళ్లు, నలుపుకు తిరిగిన ఎరుపులో. ఆకలికి ఒకటి కొరికింది. డిసెంబరు బిఫిన్ రాయే. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి.

మర్నాడు ఈనాక్ ఖాళీ బుట్టలతో వచ్చాడు. రొట్టెల లార్‌వుడ్ బండి వాకిట్లో ఉందట. రొట్టెలు తీశాక చల్లారే పొయ్యిలో ఈ పళ్లను పెట్టి, మీద ఇనుప పలక మోపి, మెల్లగా అణుస్తూ కాలుస్తాడాయన. పండు అప్పంలా అణిగినా తోలు పగలకూడదు. నార్విచ్ దుకాణాలు ఎగబడేది అందుకే. తోలుకు చిల్లు పడితే రసమంతా పొయ్యి పాలు. ఈ సంగతి థిర్జాకు తెలుసు. ఈనాక్ తూకం తప్ప ఏదీ పట్టించుకోడు.

"మంచివి ఏరు. ఏడుపు తర్వాత," అంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడి పైపు వెలిగించాడు.

ఆమె వీపు తిప్పి కూర్చుంది. కొప్పులోంచి పిన్ను లాగింది. ప్రతి పండుకూ తొడిమ గుంటలో ఒక్క పోటు.

"ఇంత బుద్ధెప్పుడొచ్చింది?"

"చలికి చేతులాడితే నయం."

బుట్టలు వెళ్లాయి. మళ్లీ తాళం, మళ్లీ చీకటి. లార్‌వుడ్ పళ్లు ఇక్కడే చూసుకోకుండా బండి తోలేస్తే? మళ్లీ వచ్చేది వచ్చే ఏడే. థిర్జా తలుపుకు చెవి ఆనించింది.

చాలాసేపటికి కేకలు దగ్గరయ్యాయి. అన్నీ చిల్లులేనని, ఇక తానే ఏరుకుంటానని లార్‌వుడ్ అంటున్నాడు. తాళంచెవి పోయిందన్నాడు ఈనాక్.

థిర్జా పళ్ల అరలోంచి ఒక పలక ఊడదీసి తలుపు మీద బాదింది.

"ఏమిటా చప్పుడు?"

"ఎలుకలు."

"తలుపు కొట్టి పిలిచే ఎలుకల్ని నేనెప్పుడూ చూళ్లేదోయ్. తియ్యి."

ఈనాక్ కదల్లేదు. లార్‌వుడ్ ఆగలేదు. బండి ఇనుప కడ్డీ తెచ్చి గొళ్లెం పీకేశాడు.

వెలుతురుకు కళ్లు చికిలిస్తూ బయటికొచ్చింది థిర్జా. చేతిలో పిన్ను ఇంకా ఉంది. ఆయన దాన్ని చూశాడు.

"నా పళ్లు గుచ్చింది నువ్వా?"

"నేనే. లేకపోతే మీరిటు రారుగా, లార్‌వుడ్ గారూ."

ఈనాక్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. లార్‌వుడ్ గుమ్మం దగ్గర దించిన చిల్లుల పళ్ల బుట్ట ఎత్తి అతడి చేతుల్లో కుదేశాడు. "ఇవి నువ్వే తిను."

బరువుకు ఈనాక్ తూలాడు. థిర్జా అప్పటికే బండి వైపు పరుగెడుతోంది.