గూట్లో గ్లాసు

కరుణమ్మ ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగులు పిండుతోంది. రెండు అరచేతుల మధ్య నొక్కి, నీళ్లు కారిపోయాక బేసిన్‌లోకి విదిలిస్తుంది. పొట్టి మనిషి. ఎడమ మోకాలు వంగదు గనక ఆ కాలు బారజాపి, రెండోది మడిచి కూర్చుంటుంది. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. చెవి కమ్మలు ఏనాడో పోయాయి, సాగిన ఆ రంధ్రాల్లో ఇప్పుడు చీపురు పుల్లలు. జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో ఉన్న ఈ చర్చి వంటగదే, మొగుడు పోయినప్పటి నుంచి ఆమె లోకం. పెళ్లయినా, క్రిస్మసయినా, ఎవరైనా పోయినా పొయ్యి వెలిగించేది ఆమే. వంట బాగుందని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు, బాగాలేదని మాత్రం ఒక్కరు అన్నా ఆ రోజంతా ఆమెకు ముద్ద దిగదు.

ఈరోజు మిషన్ వాళ్లు వెళ్లిపోతున్నారు. ప్రొద్దుటూరు, పులివెందుల సంఘాల నుంచి నలుగురు, వాళ్లతోపాటు ఆఫ్రికా నుంచి వచ్చిన నర్సు గ్రేస్. ఇన్నాళ్లూ పగలు పల్లెలో బీపీలు, షుగర్లు చూశారు, సాయంత్రాలు ప్రార్థనలు పెట్టారు. ఆరాధన, భోజనాలు కాగానే వ్యాను వస్తుంది.

టీ కాగింది. నలుగురికీ పింగాణీ కప్పుల్లో పోసింది. తర్వాత గోడ పట్టుకొని లేచి, కిటికీ అవతల గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసు తెచ్చి గ్రేస్‌కు పోసింది. వచ్చిన రోజు నుంచీ ఇంతే. ఆ గ్లాసులో మరెవరూ తాగలేదు. మిగతా గిన్నెలతో కలిసి అది తొట్టిలో మునగనూ లేదు.

గ్రేస్ వ్యాను దిగిన రోజు ఆ నలుపు చూసి పిల్లలే కాదు, కరుణమ్మ కూడా నోరు తెరిచింది, తానేదో పాలరాతి బొమ్మ అయినట్టు. పక్కింటి రాహేలు చెవిలో ఊదింది.

"వదినా, యాడి దేశమో ఏమో. ఏం రోగాలుంటాయో, చూసుకో."

అంతే, చేయి తనంతట తానే పోయి ఒక గ్లాసు వేరు చేసింది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చిన్నప్పుడు పెద్దరైతు ఇంట్లో పేడ ఎత్తి మజ్జిగకు నిలబడితే, కొట్టం చూరులో దోపిన సత్తు గ్లాసు తామే తీసుకొని, పైనుంచి పోస్తే తాగి, తామే కడిగి మళ్లీ అక్కడే దోపాలి. ఆ గ్లాసు సంగతి తెలియని గడప ఈ పల్లెలో లేదు. అది భరించలేకే కరుణమ్మ తండ్రి ఈ చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాడు.

మర్నాటికే భయం పోయింది. గ్రేస్ వంటగదిలో నేల మీద చతికిలబడి, కళ్లు తుడుచుకుంటూ ఎర్రగడ్డలు తరిగింది. కరుణమ్మ కుంటడం చూసి ఆముదం వెచ్చచేసి, ఆ కాలు ఒళ్లో పెట్టుకొని రుద్దింది. ఆ చేతుల కింద హాయిగా ఓ కునుకు తీసి, లేచి మళ్లీ అదే గ్లాసులో ఆమెకు టీ పోసింది కరుణమ్మ. మార్చాలని అనిపించకపోలేదు. మారిస్తే ఇన్నాళ్లూ ఎందుకు విడిగా పెట్టావని ఎవరైనా అడుగుతారేమోనని సిగ్గుపడింది.

ఆరాధన చివర పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. గ్రేస్ లేచింది. పాస్టరుగారి కూతురు శిల్ప పక్కన నిలబడి ఆమె మాటలు తెలుగులో చెబుతోంది.

"మా నాయన ఈ మధ్యనే పోయినాడు. శానా దిగులుతో వచ్చినా. వచ్చిన రోజే ఈడ వంట చేసే అమ్మ నాకు..."

శిల్ప ఆగిపోయింది. గ్రేస్ నవ్వుతూ ఆమె వైపు చూసింది, చెప్పమన్నట్టు.

"నాకని ఒక గ్లాసు వేరే పెట్టింది," అంది శిల్ప, గొంతు తగ్గించి. "దాన్ని ఇంగెవురికీ ఇయ్యలేదు. అన్నిట్లో కలపకుండా గూట్లో దాచింది. మా ఇంట్లో మా నాయనకు ఒక్కనికే అట్లా వేరే కప్పు ఉండేది. నాకు ఇంత మర్యాద చేసిన తల్లిని నేను మర్చిపోను."

ఆమేన్ అనాల్సిన చోట ముందు వరసలో ముసలివాళ్లు తలలు దించుకున్నారు. రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరుణమ్మకు కూర్చున్న చాప కిందికి దూరిపోవాలనిపించింది. గ్రేస్ తిట్టి ఉంటే ఎంత బాగుండేది! పెద్దరైతు ఇంటి మీద ఇన్నేళ్లూ దాచుకున్న కోపాన్ని ఇక ఏ ముఖం పెట్టుకొని దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.

అందరూ తిన్నారు. కరుణమ్మ మెతుకు ముట్టలేదు. వంటగది వెనక శిల్పను చేయి పట్టి ఆపింది.

"పాపా, ఆ గ్లాసు ఎందుకు పెట్టినానో ఆయమ్మకు చెప్పు."

"వద్దులే అత్తా. సంతోషంగా పోతాంది, పోనీ."

"నా కాలు ఒళ్లో పెట్టుకొనింది పాపా. చెప్పకపోతే నాకు కూడు దిగదు."

"చెప్తే ఆయమ్మకు దిగదు."

అంతలో గ్రేస్ సంచి భుజాన వేసుకొని వచ్చింది. గూటి వైపు చూపించి ఏదో అడిగింది. శిల్ప కరుణమ్మ వైపు తిరిగింది.

"ఆ గ్లాసు తీసకపోతానంటాంది అత్తా. వాళ్లమ్మకు చూపిస్తాదంట."

కరుణమ్మ గ్లాసు తీసింది. మొదటిసారి దాన్ని అన్ని గిన్నెలున్న తొట్టిలో ముంచింది. పీచుతో తోమింది, మళ్లీ తోమింది, కొంగుతో తుడిచింది. ఇస్తూ గ్రేస్ రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది.

"తప్పు చేసినా తల్లీ. నన్ను క్షమించు."

గ్రేస్ శిల్ప వైపు తిరిగింది. శిల్ప ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పింది. గ్రేస్ ముఖం విప్పారింది. అవునవునని తలూపుతూ కరుణమ్మను గట్టిగా వాటేసుకుంది.

వ్యాను ప్రొద్దుటూరు దారి పట్టింది.

"ఏం చెప్పినావు పాపా?"

"మళ్లా రమ్మంటాందని చెప్పినా."

కరుణమ్మ చీపురు తీసుకొని పెరట్లోకి వెళ్లింది. పొద్దున గ్రేస్ తన గుడ్డలతోపాటు కరుణమ్మ చీరలు కూడా ఉతికి ఆరేసిందని అప్పుడు చూసింది. దండెం మీద వెలిసిన రెండు చీరల నడుమ, వాటిని ఆనుకొని, గ్రేస్ మరిచిపోయిన తలగుడ్డ ఇంకా తడిగా వేలాడుతోంది.