అచ్చులో పడిన పాతర

భువనగిరి స్టేషన్ దగ్గర గుర్వయ్య చాయ హోటల్‌కు వారానికొకసారి పట్నం నుంచి తెలుగు పేపర్ వచ్చేది. గుర్వయ్య అందులో మిర్చీలు కట్టి అమ్మకముందే నేను వెళ్లి అందుకోవాలి. దానికోసం ప్రతి శనివారం నాలుగు కోసులు నడిచేవాణ్ణి.

మా ఊళ్లో తెలుగు అచ్చు చదవగలిగేది ఇద్దరమే. ఒకడు పట్వారి, రెండోవాణ్ణి నేను. పట్వారి కాగితం చదివితే ఎవరిదో ఒకరిది ఏదో ఒకటి ఊడిపోతుంది. నేను చదివితే ఏమీ ఊడదు, ఏమీ రాదు. అందుకే జనం నా దగ్గర కూర్చునేవారు. నా పేరు ఏసోబు. మిషన్ బడిలో ఐదు తరగతులు చదివి, దొర పొలంలో కూలి చేసుకునేవాణ్ణి.

అచ్చులో నేను మొదట చూసింది బైబిలు. అందులో ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తియ్యొద్దు అని బడిలో పాస్టరయ్య బెత్తంతో చెప్పాడు. ఆ అలవాటు పేపర్‌కూ అంటింది. తలనొప్పి తైలం ప్రకటనతో సహా ఉన్నది ఉన్నట్టు చదివేవాణ్ణి. నా అభిప్రాయాలు తర్వాత చెప్పేవాణ్ణి. అవి నాకు మెండు.

జర్మనీ లడాయికి పేజీలకు పేజీలు ఎందుకు? మా జొన్నలు తింటున్నది జర్మనీవాడా? లడాయి పేరు చెప్పి సర్కారు లెవీ పెట్టింది. వాళ్లు చెప్పిన ధరకు మేము గింజలు కొలవాలి, అవే గింజలు భువనగిరి బజార్లో చాటుగా మూడింతలకు కొనుక్కుని తినాలి. కొలిచేదెవరు? రెండెకరాల చెల్క ఉన్నవాడు. లెవీ వసూలుకొచ్చే గిర్దావర్ సాబు దొర గడిలో కోడికూర తిని, దొర గాదెల పక్కనుంచే నడిచి, మా ఇళ్లకొచ్చి దాచిన గింజల కోసం ఇనుప చువ్వతో నేల గుచ్చేవాడు. పేపర్‌లో దీని గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. రాసేవాళ్లకు తెలియక రాయటం లేదని నేను గట్టిగా నమ్మాను. ఎంత వెర్రివాణ్ణి!

ఆ ఎండాకాలం బీరమ్మవ్వ నా దగ్గరికొచ్చింది. కురుమోళ్ల ముసలమ్మ, మొగుడు పోయి చాలా ఏళ్లయింది. లెవీకి కొలవాల్సినదంతా కొలిచేసింది. విత్తనానికని నాలుగు కుంచాల పచ్చజొన్నలు గొర్ల దొడ్డి కింద పాతర వేసి, బండ కప్పి, పైన మందను తోలింది. గొర్ల పెంటిక తొక్కితే బూట్లు పాడవుతాయని గిర్దావర్ ఆ దొడ్డిలో కాలు పెట్టేవాడు కాదు. అయినా ఇంకా కొలవమని మళ్లీ కబురు పంపాడు.

"బిడ్డా, మిరుగం వానకు గవి జల్లకపోతె నా చెల్క బీడే. నువ్వు పేపరోళ్లకు జర రాయరాదు?" అంది.

"రాస్తనవ్వా. అచ్చుల పడ్డదంటె సర్కారు సుత వినాలె" అన్నాను. ఆ మాట ఎవరూ నా నోట్లో పెట్టలేదు. నాదే.

మూడు కాగితాలు రాశాను. మొదటిది దొర గాదెల మీద, రెండోది ధరల మీద, మూడోది బీరమ్మవ్వ మీద. రుజువు లేని మాటను పట్నపోళ్లు నమ్మరని ఊరి పేరు, దొడ్డి, పాతర అన్నీ వివరంగా పెట్టాను. గిర్దావర్‌కు తెలియనిదాన్ని పేపర్‌కు చెబుతున్నానన్న సోయి నాకు రాలేదు. పేపర్ మనవైపు ఉంటుందనుకున్నాను.

ఐదో శనివారం గుర్వయ్య హోటల్‌లో నా ఉత్తరం కనిపించింది. మూడు కాగితాలు ఎనిమిది వరసలయ్యాయి. దొర లేడు. ధరలు లేవు. "లెవీపై ఒక పాఠకుని అభిప్రాయము" అని పైన పెట్టి, మా ఊళ్లో ఒక కురుమ విధవ గొర్రెల దొడ్డి క్రింద పాతరలో జొన్నలు దాచియున్నదని వేశారు. "అధికారులు గమనింతురు గాక" అన్న చివరి వరస నాది కాదు.

చాయ తాగకుండానే బయల్దేరాను. పొద్దు గూకేలోపు అవ్వ చేత పాతర తీయించి, గింజలు ఎటన్నా దాచాలి. ఇదొక్కటే ఆలోచన. అరికాళ్లు కాలుతుంటే నాలుగు కోసులూ దాదాపు పరిగెత్తాను.

ఊరి మొగదలే పటేలు మల్లప్ప పట్టుకున్నాడు. "ఏసోబూ, యాడికి పోయినవ్‌రా? సాబు నీకోసమే కూసున్నడు."

చావడిలో గిర్దావర్ చేతిలో అదే పేపర్ ఉంది. తాసిల్ కచేరీలో ఎవరో ఎర్ర సిరాతో గీత గీసి, నీ ఇలాఖా ముచ్చటే చూసుకో అని ఇచ్చారట. ఆయనకు ఉర్దూ తప్ప రాదు. పటేలుకు వేలిముద్రే. పట్వారి చుట్టాల పెండ్లికని జడ్చర్ల వెళ్లాడు. చదివేవాణ్ణి నేనొక్కణ్ణే.

"జోర్‌సే చదువు" అన్నాడు గిర్దావర్.

పేపర్ చదువుతున్నానని జనం మూగారు. బీరమ్మవ్వ ముందుకొచ్చి నిలబడింది. "నా ముచ్చటేనా బిడ్డా? పడ్డదా?" అంది. ముఖం వెలిగిపోతోంది.

'గొర్రెల దొడ్డి క్రింద.' ఆ మూడు ముక్కలు మింగేస్తే చాలు. పట్వారి వచ్చేదాకా నాలుగు రోజులు దొరికేవి. నాకు తెలుసు. తెలిసే మొదలుపెట్టాను. కానీ ముప్పై ఏళ్ల అలవాటు, పైగా ఎదురుగా బూట్ల సాబు. నోరు దాని దారిన అది పోయింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు.

గిర్దావర్ బూట్లు పాడవకుండా దొడ్డి బయటే నిలబడి, లోపలికి వెట్టివాళ్లను దింపాడు. గొర్లు బెదిరి అరుస్తుంటే బండ లేపారు. అవ్వ ఏడవలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. నాలుగు కుంచాలూ బండికెక్కాయి.

మర్నాడు నేను మొహం చాటేస్తుంటే తనే వెతుక్కుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బిడ్డా, నువ్వు రాసినందుకే సర్కారు ఇన్నది గద. మల్ల రాయి. గిప్పుడు పాతరల ఏం లేదని రాయి. గది సుత అచ్చుల పడితె మల్ల రారు."

రాశాను. పడలేదు.

మిరుగం ఆ ఏడు బ్రహ్మాండంగా కురిసింది. బీరమ్మవ్వ చెల్కలో గడ్డి మొలిచింది. శనివారం పేపర్‌లో "భువనగిరి తాలూకాలో మంచి వర్షములు, విత్తనములు ముమ్మరము" అని పడింది. దొర పొలంలో కూలికి వెళుతూ, వానకు నెత్తిన గొంగడి కొప్పెరతో అవ్వ మా గడప ముందు ఆగింది.

"నాది పడ్డదా?"

పేపర్ విప్పాను. తలనొప్పి తైలం ప్రకటన మీద వేలు పెట్టి, ఎప్పటిలాగే గట్టిగా చదివాను. "కురుమ బీరమ్మ పాతరలో ఇప్పుడు ఏమియు లేదు."

"మంచిగ రాసిండ్రు" అంది అవ్వ. దొర పొలంలో దొర విత్తనాలు జల్లడానికి తడుస్తూ వెళ్లిపోయింది.