ఎడమకు తిరిగిన ప్రదక్షిణము

ఉత్తర ఇంగ్లండునందు జూన్ మాసము ప్రవేశించినంతనే పగలు సాగి సాగి రాత్రి భోజనవేళ దాటినను వెలుతురు వీథులను విడువకుండును. క్రీస్తుశకము 1927వ సంవత్సరమున అట్టి జూన్ మాసపు ఆదివారమునాడు లాంకషైర్ కొండల నడుమనున్న ఆల్డర్‌బెక్ పట్టణమునందు ఏటిగట్టు పొలములలో కోసి పఱచిన పచ్చిక యెండుచుండ ఆ వాసన గాలివెంట అంగడివీథి దాక వచ్చుచుండ రాతిగోడల సందులనుండి గులాబితీగలు వెలికి వ్రేలుచుండ పట్టణమధ్యమున రాజమతమగు ఆంగ్లికను దేవాలయ గోపురమునందలి గంటలన్నియు మ్రోగి మ్రోగి యూరకుండెను. పిమ్మట చాపెల్ వీథి కొసనుండి కతోలిక దేవాలయపు గంట యొక్కటియే మ్రోగెను. ఆ మ్రోత విని వీథికిరువైపుల తలుపులు తెఱచుకొనెను. తమ తాతల తాతలును చూడని యొక దృశ్యమును చూచుటకు జనులు గడపలయందు నిలిచిరి.

ఆ గుడికి చెందిన విచారణ, అనగా ఆ పట్టణపు కతోలిక సంఘము, దాని వృత్తాంతము కొంత తెలిసిననే గాని ఆ దినపు ఘనత తెలియదు. పూర్వము రాజశాసనము కతోలికుల దివ్యపూజను నేరమని నిర్ణయించిన కాలమున ఆల్డర్‌బెక్ కతోలికులు ఒక నేతగాని యింటి అటకపై గూడుచుండిరి. గురువు బట్టలమూటను భుజమున నిడుకొని వర్తకుని వేషమున వచ్చి మూటనడుమ దాచిన పూజాపాత్రను వెలికిదీయును. పైన పూజ సాగినంతసేపును క్రింద నేతగాడు మగ్గము నాపక నేయుచుండును. మగ్గము చప్పుడాగినచో రాజభటులు వచ్చుచున్నారని పైవారు గ్రహింపవలయును. పదునెనిమిదవ శతాబ్దము ముగియుచుండగా శాసనము సడలి కతోలికులు గుడి కట్టుకొనవచ్చుననియు అయితే దానికి గోపురమును గంటయు నుండరాదనియు ఆనతి వెడలెను. అట్లు కట్టిన గుడి ధాన్యపుకొట్టమును బోలియుండుటచే పొరుగూళ్ల రైతులు బార్లీబండ్లను తెచ్చి దాని వాకిట నిలిపి ధర యడిగిరని ఆ విచారణవారు నేటికిని చెప్పుకొని నవ్వుదురు. తరువాతి కాలమున గంట దక్కెను. ఐర్లండునందు బంగాళాదుంపల పంట కుళ్లి కఱవు సంభవించినప్పుడు అచ్చటి కూలీలు వచ్చి చేరి రైలుదారి త్రవ్వుచు తీఱిక వేళల ఆ గుడి గోడలను పెంచిరి. బడి వెలసెను. శ్మశానము వెలసెను. ఒక్కటి మాత్రము దక్కలేదు. గురువు పూజావస్త్రములు ధరించి క్రీస్తు శరీరమని తాము నమ్ము రొట్టెయగు దివ్యసత్ప్రసాదమును చేతబట్టి గుడిప్రాంగణము దాటి వీథిలో నడువరాదను నిషేధము నిలిచియుండెను.

అందుచే ఏటేట దివ్యసత్ప్రసాద మహోత్సవపు ప్రదక్షిణము గుడివెనుక తోటలో జరుగుచుండెను. ఆ తోటకు నాలుగు వైపుల నిలువెత్తు గోడలు కలవు. పూరేకులు చల్లు బాలికలు ముందును నాలుగు కోలల మేల్కట్టు క్రింద గురువు వారి వెనుకను జపమాలలతో విచారణ యంతయు ఆపై వెనుకను నడువగా ఆ యిఱుకు బాటయందు ముందువారు చుట్టి వచ్చునప్పటికి వెనుకవారు కదలుచునే యుందురు. ఒకరినొకరు త్రొక్కికొనక తిరుగుటకు ఒక విద్య కావలసియుండెను. ఆ విద్యను బాలికలకు నేర్పునది విన్‌ఫ్రెడ్ గార్‌స్టాంగ్. ఆమె అవివాహిత. దుస్తులు కుట్టి జీవించునది. తానును బాల్యమున ఆ తోటలో పూలు చల్లినదే. తల వెండ్రుకలు నెఱసినను మే మాసము వచ్చినంతనే బాలికలను తోటలో వరుసగా నిలిపి ఒకే మాట చెప్పును.

"కన్నులు బుట్టమీద నుంచుడు. ఎదుట గోడ వచ్చినచో ఎడమకు తిరుగుడు. వెనుదిరిగి చూచినదానికి పండ్లజాము పూసిన రొట్టె లేదు."

గతసంవత్సరాంతమున పార్లమెంటు ఆ నిషేధమును రద్దుచేసెను. విచారణగురువగు ఫాదర్ లీమింగ్ ఆ వార్తను పూజాపీఠమునుండి చదివినప్పుడు విన్‌ఫ్రెడ్‌కు మొదట తలపునకు వచ్చినది తన తల్లి అగాథా. ఆ వృద్ధురాలికి ఆ శీతకాలమున కాళ్లు పడిపోయెను. అంగడివీథిలోని మేడగది కిటికీయొద్ద కుర్చీలో కూర్చుండుటయే ఆమె లోకమయ్యెను. వైద్యుడు ఇంకొక శీతకాలము దాటుట కష్టమని విన్‌ఫ్రెడ్‌తో మెట్లమీద చెప్పిపోయెను.

"అమ్మాయీ, నేను గుడికి పోజాలను. ప్రభువు నా వాకిటికి వచ్చునా?" అని తల్లి యడిగెను.

"వచ్చునమ్మా. గురువుగారు అంగడివీథినే దారిగా నిర్ణయించిరి. మన కిటికీ క్రిందనుండియే నడచెదము."

"అట్లయిన త్వరపడుడు. పీఠాధిపతులవలె ఆలోచించుచు కూర్చుండినచో నేనే ముందు పోయి ఆయనను కలిసికొందును."

ఆ మాటను విన్‌ఫ్రెడ్ నవ్వి వినెనే గాని నాటినుండి ఆమెకు వేఱొక తలంపు లేకపోయెను. వారమంతయు వీథులలో బండ్లు తిరుగుచుండుటచే బాలికలను ఎప్పటివలెనే తోటలో నడిపించి నేర్పెను.

ఆదివారమునాడు గుడితలుపు తెఱచుకొనెను. తెల్లని దుస్తుల బాలికలు గేటు దాటిరి. వారివెంట విన్‌ఫ్రెడ్ దాటెను. మేల్కట్టు కోల పట్టినవారిలో నొకడగు కొల్మన్ డెవనీ గేటు దాటుచు "పోలీసువాడెక్కడ?" అని ప్రక్కవానితో గుసగుసలాడెను. ఆ పరిహాసమునకు కారణము కలదు. కొన్నియేండ్ల క్రిందట తోటకు పోవునప్పుడు మేల్కట్టు కుచ్చులు గాలికి గేటు వెలుపలికి వ్రేలాడినందుకు బీరుబట్టీ యజమానియు ఆంగ్లికను దేవాలయపు పెద్దయునగు జోసయా బ్రెయిత్‌వైట్ పోలీసును పిలిపించెను. ఆ బట్టీలోనే పీపాలు కట్టు పని డెవనీది.

ప్రదక్షిణము చాపెల్ వీథి వెంట సాగెను. గడపలయందు నిలిచినవారు రాళ్లు విసరలేదు. కొందఱు టోపీలు తీసిరి. వందలకొలది గొంతులు ఒక్కటై పాడుచుండగా విన్‌ఫ్రెడ్ ఆ పాట ఇండ్లగోడలకు తాకి మరలివచ్చుట వినెను. తోటగోడలు ఆ ధ్వనిని ఎన్నడును అంత దూరము పోనిచ్చియుండలేదు. ఆమె కన్నులు చెమర్చెను. చాపెల్ వీథి రెండవ కొసను బీరుబట్టీ గోడ అడ్డముగా నిలిచియుండెను. అచ్చట కుడికి తిరిగిన దారి అంగడివీథి పైకొసకు పోవును. ఎడమకు తిరిగిన సందు గోడవెంట పోయి బట్టీ తలుపునొద్ద ముగియును. ఎదుట గోడ వచ్చెను. బాలికలు బుట్టలనుండి కన్నులెత్తక ఎడమకు తిరిగిరి. వారిని వారింపవలసిన విన్‌ఫ్రెడ్ పాదములును వారితోడనే ఎడమకు తిరిగెను. మేల్కట్టు తిరిగెను. విచారణ యంతయు తిరిగెను. శాసనము ఒక్క దినమున మాఱును గాని పాదములు మాఱుటకు మఱికొంత కాలము పట్టును.

"విన్‌ఫ్రెడ్" అని మేల్కట్టు క్రిందనుండి మెల్లగా పిలుపు వినబడెను. దివ్యసత్ప్రసాదపు బంగారుపాత్రను ముఖమునకెదురుగా నెత్తిపట్టుకొన్న ఫాదర్ లీమింగ్‌కు దారి కనబడుట లేదు. "బీరు వాసన యేల వచ్చుచున్నది?"

ఆమె తలయెత్తి చూచెను. రెండు వైపుల గోడలు. ఎదుట మూసిన తలుపు.

"గురువుగారూ, దారి తప్పితిమి."

"తప్పించినదెవరు?"

"నేనే."

"మంచిది. నీ తప్పొప్పుకొను పాపసంకీర్తనము శనివారము వినెదను. ఇప్పుడు దారి చూపుము."

వెనుకకు మరలుటకు వీలులేదు. మేల్కట్టు ఆ సందులో తిరుగదు. వెనుక విచారణయు దాని వెనుక వేడుక చూడవచ్చిన ఊరును సందునిండ క్రిక్కిఱిసియుండెను. అంగడివీథి పైకొసయందు కన్నులు నిలిపియుండు తల్లి విన్‌ఫ్రెడ్ మనసున మెదలెను. ప్రదక్షిణము ఈ సందులో చెదరిపోయినచో ఆమె చూచునది వట్టి వీథియే. ఇంతలో తలుపు సందుగా తెఱచుకొని కుక్కను గొలుసుతో పట్టుకొని బ్రెయిత్‌వైట్ వెలికివచ్చెను. పాట ఆగిపోయెను.

"ఏమమ్మా గార్‌స్టాంగ్! మీ దేవునికి దాహమైనదా? ఆదివారము బట్టీ తెఱవము."

వెనుక ఊరివారు గొల్లున నవ్విరి. డెవనీ కోలను విడువక "దొరగారూ, నేను రేపీ తలుపుననే పనికి రావలసినవాడను. ఒక దినము ముందుగా వచ్చితినని కోపింపకుడు" అనెను. ఆ నవ్వు రెట్టింపయ్యెను.

విన్‌ఫ్రెడ్ ముందునకు వచ్చెను. "బ్రెయిత్‌వైట్‌గారూ, తప్పు నాది. మీ ముంగిలి దాటినచో అంగడివీథి దిగువకొసకు చేరుదుము. తలుపు తెఱవుడు."

"మీ మేల్కట్టు ఆ తోట దాటరాదని తగవు పెట్టినవాడను నేను. మఱచితివా?"

"శాసనము మాఱినది."

"వీథికి మాఱినది. నా పెరటికి మాఱలేదు."

ఆ మాట న్యాయమే. విన్‌ఫ్రెడ్ బాలికలవంక తిరిగి "అమ్మాయిలూ, బుట్టలలోని పూలన్నియు ఈ తలుపుముందు పోయుడు" అనెను. బాలికలు పోసిరి. బ్రెయిత్‌వైట్ కుక్క ఆ పూలను వాసన చూచెను.

"ఇదేమి?" అని యతడడిగెను.

"ముందునకు పోలేము. వెనుకకు మరలలేము. కావున గురువుగారు ఇచ్చటనే ఆశీర్వాదము చేసి ప్రదక్షిణము ముగింతురు. ఈ పట్టణపు వీథిలో మొదటి సత్ప్రసాద ఆశీర్వాదము మీ తలుపునొద్ద జరిగినదగును. మావారి సంగతి మీకు తెలియును గదా. ఒకసారి చేసినదానిని మేము విడువము. ఏటేట ఇచ్చటికే వత్తుము. మా మనుమలును వత్తురు. ఇచ్చట నొక శిలువను నాటవలయునని ఎవడో యొకడు తప్పక యనును."

"రాతి శిలువ" అని డెవనీ అందుకొనెను.

బ్రెయిత్‌వైట్ మోకరిల్లుటకు సిద్ధమగుచున్న జనమును చూచెను. తన దేవాలయమునకు వచ్చువారే వారి వెనుక నిలిచి నవ్వుచుండుట చూచెను. తలుపుముందటి పూలను చూచెను. అతని ముఖము ఎఱ్ఱనై పిమ్మట మెల్లగా సడలెను.

"నీవు కుట్టుపని చేయుచు చెడితివమ్మా. వకీలువు కావలసినదానవు. పోనిమ్ము, ఎవడును మోకరిల్లకుడు! దాటిపొండు. పీపాలను తాకకుడు."

అతడు తలుపు రెండు రెక్కలును బార్లా తెఱచెను. పాట మరల లేచెను. బాలికలు పూలను దోసిళ్లతో బుట్టలకెత్తుకొని నడచిరి. మేల్కట్టు పీపాల వరుసల నడుమ సాగగా లాయమునందలి గుఱ్ఱములు తలలు వెలికి చాచి చూచెను. పాట బట్టీ కప్పుక్రింద ఇనుమడించి గుడిలోనెన్నడును మ్రోగనట్లు మ్రోగెను.

అంగడివీథిలో అప్పటికే బ్రెయిత్‌వైట్ ప్రదక్షిణము నాపించెనని వదంతి పుట్టి జనులు చెదరుచుండిరి. మేడకిటికీయందు అగాథా పైకొసవంక చూచుచు కదలక కూర్చుండెను. దిగువనుండి పాట వినబడగానే ఆమె కుర్చీచేతులను పట్టుకొని తన్నుతాను త్రిప్పుకొనెను. అంగడివీథివైపునున్న బట్టీ పెద్దతలుపు తెఱచుకొని దానినుండి తెల్లని దుస్తులు వెడలెను. పిమ్మట మేల్కట్టు వెడలెను. పిమ్మట ఆ విచారణ వెడలుచునే యుండెను.

ఫాదర్ లీమింగ్ ఆ కిటికీ క్రింద నిలిచి దివ్యసత్ప్రసాదమును పైకెత్తెను. వీథిలో జనులు రాళ్లమీద మోకరిల్లిరి. బ్రెయిత్‌వైట్ తన తలుపునొద్ద నిలిచి మోకరిల్లలేదు. టోపీ తీయలేదు. కుక్క మొఱుగబోగా దాని నోటిని చేతితో మూసెను. అగాథా శిలువ గుఱుతు వేసికొని పెదవులు కదపుచు చాలసేపుండి పిమ్మట కిటికీనుండి వంగెను.

"విన్‌ఫ్రెడ్! దిగువనుండి వచ్చితిరేల?"

"దారి తప్పితిమమ్మా."

"మంచిపని చేసితిరి. తిన్నగా వచ్చియుండినచో ఆ తలుపు తెఱచుకొనుటను నేను చూచియుందునా?"

వీథియంతయు నవ్వెను. విన్‌ఫ్రెడ్ నవ్వుచు ఏడ్చుచు బాలికలను ముందునకు నడిపించెను.

మఱునాటి ఉదయమున బట్టీ బండ్లు ఎప్పటివలె బయలుదేఱెను. ముంగిటి రాళ్లమీద మిగిలిన గులాబిరేకులు తడిసిన చక్రములకు అంటుకొని అంగడివీథి దాటి వంతెన దాటి కొండదారి వెంట ఎక్కెను. ఆ దినము ఆల్డర్‌బెక్ చుట్టునున్న పల్లెలన్నిటను ఏ బీరుకొట్టు వాకిట బండి నిలిచిన ఆ వాకిట పూరేకులు రాలెను.