కాజా దారిలో నిద్రపోయిన మనిషి

బండి పోతూనే ఉంది, కుడిపక్క కొండ గోడలా లేచి నిలబడి ఉంది, ఎడమపక్క ఎంతో లోతున నది బూడిదరంగులో మెలికలు తిరుగుతోంది, చెట్టూ చేమా లేని ఆ లోయలో ఎండ కూడా చల్లగానే కాస్తోంది. స్టీరింగు ఓబులేసు చేతిలో ఉంది. పక్కసీట్లో ఖాజా కూర్చుని ఉన్నాడు, అతని జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, ఆ నీళ్లు సీటును తడపకుండా ఎక్కడికో పోతున్నాయి. ఖాజా చనిపోయి పదకొండు నెలలైందని ఓబులేసుకు తెలుసు, తెలిసినా ఆశ్చర్యం కలగదు, చలి గాలి కొడుతోంది అద్దం ఎక్కించుకో అని చెప్పాలని మాత్రం అనిపిస్తుంది.

"మన సీమ కంటే ఎండిపోయిన నేలరా ఇది," అంటాడు ఖాజా. "నా పేరున్న ఊరు చూపిస్తానని తోడుకొచ్చి, రాళ్లు చూపిస్తాండావు."

ఇద్దరిదీ ప్రొద్దుటూరులో ఒకటే వీధి, ఐదో తరగతి నుంచి ఒకటే బెంచీ. ఎక్కడో హిమాలయాల్లో స్పితి నది ఒడ్డున కాజా అనే ఊరుందని తెలిసిన రోజు నుంచి, ఆ ఊరి బోర్డు కింద నిలబడి ఫోటో దిగాలని ఖాజా ఏళ్ల తరబడి వేధించాడు.

"ఇంకెంత దూరం?" అని అడుగుతాడు ఇప్పుడు.

"ఇరవై కిలోమీటర్లు."

మలుపు తిరుగుతారు, మళ్లీ ఇరవయ్యే ఉంటుంది. రాళ్ల మధ్య వాళ్ల వీధి మిద్దెలు కనిపిస్తాయి, ఖాజా ఇంటి ముందు అతని భార్య షమీమ్ బట్టలు ఆరేస్తూ ఉంటుంది, ఓబులేసు బండి ఆపబోయేసరికి ఆ ఇల్లు చప్పుడు లేకుండా నదివైపు జారిపోతుంది.

"రేయ్ ఓబులేసూ, ఇంటికి పోతే షమీమ్ నాతో పలకదు. బిడ్డ నా పేరెత్తితే లేచి లోపలికి పోతాది. నేనేం తప్పు చేసినాన్రా?"

ఆ తప్పును ఖాజా మీద పెట్టింది ఓబులేసే. బండి నదిలోకి దొర్లి, కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, బండి నడిపిందెవరని పోలీసు అడిగితే, ఖాజా అని చెప్పాడు. అప్పటికింకా శవం దొరకలేదు, మూడో రోజు దొరికింది. పోయినవాడికి ఏమవుతుందిలే అనుకున్నాడు. షమీమ్ వచ్చి చేతులు జోడించి, "మా ఆయన తొందరపాటుకు నీ కాలు విరిగిందన్నా, మనసులో పెట్టుకోవద్దు," అన్ననాడు కూడా తల దించుకున్నాడే తప్ప నోరు విప్పలేదు.

"నేను నిద్రపోతాంటి గదా," అంటాడు ఖాజా. "తర్వాత అన్నీ నీళ్లు. మధ్యలో ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. నువ్వన్నా చెప్పు."

"లోయ బాగుందని," అంటాడు ఓబులేసు, ఆ గొంతు వెనకసీట్లోంచి ఎవరో మాట్లాడినట్టు వినిపిస్తుంది, "ఒక చేత్తో ఫోన్ పట్టుకోని వీడియో తీస్తాంటి. మలుపు చూసుకోలేదు."

ఖాజా కోప్పడడు. కోప్పడి ఉంటే బాగుండేది. "వచ్చిందా వీడియో?" అని ఆత్రంగా అడుగుతాడు. "నది బాగా పడిందా?"

అంతలోనే ఖాజా తల అద్దానికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. "నిద్రొస్తాంది. ఊరొస్తే లేపు."

"వద్దురా, నిద్రపోవద్దు," అంటూ ఓబులేసు ఒక చేత్తో అతని భుజం కుదుపుతాడు, తడి చొక్కా కింద భుజం ఉండదు, ఎదురుగా మలుపు వచ్చేస్తుంది, బ్రేకు మీద కాలేస్తే అది బురదలో దిగినట్టు మెత్తగా కిందికి, ఇంకా కిందికి దిగిపోతుంది.

ఇంట్లో మంచం మీద ఓబులేసుకు మెలకువ వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. రాడ్డు వేసిన కుడికాలు గోడను తన్నిపట్టి ఉంది. ఎంత గట్టిగా తన్నాడో, సున్నం పెళ్లలు రాలి దుప్పటి మీద పడ్డాయి.

వాటిని దులపకుండానే లేచి, చొక్కా వేసుకుని, కుంటుకుంటూ ఖాజా ఇంటికి పోయాడు. షమీమ్ తలుపు తీసి, "రా అన్నా, కూర్చో," అని కుర్చీ జరిపింది. అతను గడప దాటలేదు.

"ఆ పొద్దు బండి తోలింది నేనమ్మా. ఖాజా నిద్రపోతాండె."

ఆమె అతని కాలి వంక చూసింది. ఎవరొచ్చారమ్మా అని లోపలినుంచి కూతురు అడిగింది.

"పదకొండు నెలలు," అంది షమీమ్. "నమాజులో కూర్చున్నా ఆయన్ని తిట్టుకుంటానే ఉన్నా."

తలుపు వేసేసింది. ఏడుపు వినపడుతుందని ఓబులేసు మెట్టు మీదే నిలబడ్డాడు. వినపడలేదు. కాసేపటికి లోపలినుంచి ఆమె గొంతు మాత్రం వచ్చింది, తగ్గు స్వరంతో, వాళ్ల నాయన సంగతి బిడ్డకు మొదటినుంచి చెబుతూ.