అత్తయ్య కూనిరాగం

మా అత్తయ్య మంచాన్ని మేడ మీదికి చేర్చాలని పట్టుబట్టింది నేనే. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది, అయినా చెబుతాను.

మాది తివాచీలు నేసే ఇల్లు. కింది గది నిండా మగ్గమే. నలభై ఏళ్లు దాని ముందు కూర్చున్న అత్తయ్యకు రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కూనిరాగం మాత్రం పోలేదు. మగ్గం పక్కనే మంచం మీద ఉండి, మా చేతులవంకే చూస్తూ పొద్దస్తమానం తీస్తూ ఉండేది. ముళ్ల లెక్క ఒక్కటి తప్పినా వరుసంతా విప్పాలి. నాకసలే ముక్కు మీద కోపం. "అబ్బబ్బ, ఊరుకోండి అత్తయ్యా! లెక్క పోతోంది" అని రోజుకు పదిసార్లు కసిరేదాన్ని.

అప్పుడు నేస్తున్నది ఆవిడ కట్టిన పిట్టల డిజైనే. కాగితం మీద ఎక్కడా లేదు, అంతా ఆవిడ బుర్రలోనే. అంచు కుదిరింది గానీ, మూలలో పిట్ట మెడ తిప్పే చోట మూడుసార్లు విప్పాం. ఎలా వేసినా పిట్ట కాస్తా చెప్పులా తేలేది. ఆవిడ ఇదే డిజైనుతో నేసిన పాత తివాచీ ఎవరింట్లోనైనా ఉందేమోనని వీధి వీధీ తిరిగాను.

ఆ రోజు పొద్దున మంచం మోయడానికి మా మరిది వచ్చాడు. అత్తయ్య మంచి చేత్తో మగ్గం కొయ్యను పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"వదినా, అమ్మ వదలట్లేదు."

"ఉండవయ్యా, ఈ వరుస అవనీ" అంటూ నేను ముళ్లు వేస్తున్నాను. మూడు ఎరుపు, రెండు తెలుపు, ఒక నీలం. వెనక నుంచి రాగం వినిపించింది. కింది స్వరం మూడుసార్లు, పై స్వరం రెండుసార్లు, మధ్యది ఒకసారి.

నా చెయ్యి ఆగిపోయింది. కావాలనే ఎరుపు వేయాల్సిన చోట నీలం వేశాను. రాగం టక్కున ఆగింది. మళ్లీ కింది స్వరమే, ఈసారి గట్టిగా, కోపంగా.

"ఓరి దేవుడోయ్! మంచం దించు!"

"ఏమైంది వదినా?"

"మీ అమ్మ లెక్క చెబుతోందయ్యా!"

"అమ్మకి మాటే రాదుగా?"

"మాటెవరిక్కావాలి? వినూ!"

మూల దగ్గర మేం నాలుగు ఎరుపులు వేసేచోట ఆవిడ రెండే పాడింది. రెండే వేశాను. ఆవిడ పాడుతోంది, నా వేళ్లు పరుగెడుతున్నాయి, మరిది దారాలు అందిస్తూ ఈలలు వేస్తున్నాడు. సాయంత్రానికి పిట్ట మెడ తిప్పి వెనక్కి చూసింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట! సంతోషంతో గంతులేశాను, సిగ్గుతో చచ్చాను, రెండూ ఒకేసారి.

"అయిపోయింది అత్తయ్యా. ఇన్నాళ్లూ మీ నోరు నొక్కాను, నన్ను క్షమించండి" అని ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

ఆవిడకు నా ఏడుపు పట్టలేదు. చెయ్యి విదిలించుకుని మళ్లీ అందుకుంది. పై స్వరం ఏడుసార్లు, మధ్యది ఒకసారి, ఆ తర్వాత కిందికీ పైకీ మెలికలు. పిట్టల డిజైనులో అలాంటి వరుస లేదు. ఆవిడ నేసిన వేటిలోనూ లేదు.

"ఇదెక్కడిది వదినా?" అన్నాడు మరిది.

ఎక్కడిదో నాకు తెలిసిపోయింది. ఈ రెండేళ్లలో, నా కసుర్ల మధ్య, ఆ మంచం మీదే ఈ కొత్త డిజైను కట్టుకుంది.

"మెల్లిగా అత్తయ్యా, మెల్లిగా! మొదటి నుంచి చెప్పండి" అంటూ తెల్లదారం ఉండ కోసం పరుగెత్తాను.